స్కైరిమ్ కొత్తగా మొదలుపెట్టేవాళ్ళకు: మొదటి పదిహేను గంటలు ఎలా ఆడాలి

స్కైరిమ్ అనే వీడియో గేమ్‌ను సగంలో వదిలేసేవాళ్ళలో చాలామంది అది కష్టంగా ఉందని వదలరు. జర్నల్‌లో, అంటే చేయాల్సిన పనుల జాబితాలో, ముప్పై నలభై పనులు పేరుకుపోతాయి. సంచి బరువెక్కి అడుగు ముందుకు పడదు. పెర్క్‌లన్నీ (లెవెల్ పెరిగినప్పుడు ఎంచుకునే ప్రత్యేక బలాలు) తలా ఒక స్కిల్ చెట్టుకి పంచేసి ఉంటారు కాబట్టి మామూలు దొంగని చంపడానికి కూడా పది దెబ్బలు పడుతుంది. అప్పుడు విసుగొస్తుంది. ఈ మూడూ మొదటి పదిహేను గంటల్లోనే మొదలవుతాయి, వాటిని ఆపాల్సిందీ అప్పుడే.

ఈ గేమ్ మొదట 2011 నవంబరు 11న వచ్చింది. ఇప్పుడు కొనేవాళ్ళకి 2016లో వచ్చిన స్పెషల్ ఎడిషన్ సరిపోతుంది. 2021 నాటి ఆనివర్సరీ ఎడిషన్‌లో అదనపు క్వెస్ట్‌లు (పాత్రలు అప్పగించే పనులు), ఆయుధాలు చాలా ఉంటాయి కానీ, అసలు ఆట ఏమిటో తెలియకముందే అవన్నీ జర్నల్‌లోకి వచ్చి పడతాయి. మొదటిసారి ఆడేవాళ్ళకి వాటితో లాభం కంటే గందరగోళమే ఎక్కువ.

మొదలుపెట్టే ముందు సెట్టింగ్స్‌లో రెండు పనులు చేయండి. సబ్‌టైటిల్స్ ఆన్ చేయండి, అది కూడా మాట్లాడేటప్పుడు వచ్చేవే కాదు, దారిన పోయేవాళ్ళ మాటలకు వచ్చేవి కూడా. చాలా క్వెస్ట్‌లు అలా చెవిన పడ్డ మాటలతోనే మొదలవుతాయి. పీసీలో ఆడుతుంటే ఫ్రేమ్ రేటు 60 దాటనివ్వకండి. మాడ్‌లు (ఆటగాళ్ళు తయారుచేసిన మార్పులు) లేని స్పెషల్ ఎడిషన్‌లో 60 దాటితే ఫిజిక్స్ లెక్క తప్పుతుంది: గదిలోకి అడుగుపెట్టగానే బల్లమీది గిన్నెలు వాటంతట అవే ఎగిరిపడతాయి. ఆకలి, చలి, అలసట లెక్కించే సర్వైవల్ మోడ్ కనిపిస్తే ఆఫ్‌లోనే ఉంచండి. డిఫికల్టీ ‘అడెప్ట్’ దగ్గర పెట్టండి, అక్కడ కొట్టే దెబ్బా తినే దెబ్బా ఉన్నదున్నట్టు ఉంటాయి. ‘లెజెండరీ’లో మీ దెబ్బ పావు వంతుకి పడిపోతుంది, మీకు తగిలేది మూడు రెట్లవుతుంది. అంటే శత్రువు తెలివి పెరగదు, చావడానికి పట్టే సమయం పెరుగుతుంది. దీన్ని ఎప్పుడైనా మార్చుకోవచ్చు, కాబట్టి పౌరుషానికి పోనక్కర్లేదు.

పాత్ర ఎంపిక

పది జాతులున్నాయి. ఒక స్కిల్‌కి 10 పాయింట్లు, మరో ఐదు స్కిల్స్‌కి తలా 5 పాయింట్లు అదనంగా వస్తాయి. కొన్ని గంటల ఆటలో ఈ తేడా చెరిగిపోతుంది. చివరిదాకా మిగిలేది జాతికి పుట్టుకతో వచ్చే శక్తి మాత్రమే. బ్రెటన్‌కి శత్రువుల మాయల మీద 25 శాతం రక్షణ ఉంటుంది, ఇది మొదటి రోజు నుంచి ఆఖరి రోజు దాకా పనికొస్తుంది. ఓర్క్ రోజుకొకసారి 60 సెకన్ల పాటు రెట్టింపు దెబ్బ కొడతాడు, సగం దెబ్బే తింటాడు. హై ఎల్ఫ్‌కి మ్యాజికా (మాయలు వేయడానికి ఖర్చయ్యే శక్తి) 50 ఎక్కువ. నోర్డ్‌కి చలి మాయల మీద 50 శాతం రక్షణ. ఖజీత్‌కి చీకట్లో కళ్ళు కనిపిస్తాయి. ఏది తీసుకున్నా ఏ పనీ మూసుకుపోదు, ముఖం నచ్చిందని తీసుకున్నా తప్పులేదు.

ఆట మొదలయ్యే హెల్గెన్ కోటలో డ్రాగన్ దాడి జరుగుతుండగా, సామ్రాజ్య సైనికుడు హాడ్వార్ వెనకాల వెళ్ళాలా, తిరుగుబాటుదారు రాలోఫ్ వెనకాల వెళ్ళాలా అని గేమ్ అడుగుతుంది. దీని గురించి బుర్ర బద్దలు కొట్టుకోవద్దు. లోపల ఎవరితో పోరాడతారన్నది మారుతుంది, అంతే. అంతర్యుద్ధంలో ఎవరి పక్షమో తర్వాత ఎప్పుడైనా తేల్చుకోవచ్చు, అసలు తేల్చుకోకపోయినా ఆట ఆగదు. కోటలో చిత్రహింసల గది వస్తుంది. అక్కడి బోనులో చచ్చిపడి ఉన్న మాంత్రికుడి దగ్గర ఒక అంగీ, ‘స్పార్క్స్’ మాయ నేర్పే పుస్తకం ఉంటాయి. బోనుకి తాళం ఉంటుంది. తాళాలు తీయడం నేర్చుకోవడానికి ఇదే మంచి చోటు, ఎవరూ తరమరు.

తాళం తీసే పద్ధతి ఇది. పిక్‌ను (తాళం తీసే సన్నటి పుల్ల) ఒక కోణంలో పెట్టి, తాళాన్ని కొద్దిగా మాత్రమే తిప్పండి. కొంచెం కూడా తిరగకుండా అదిరితే ఆ కోణం చాలా దూరం. కొంత తిరిగి ఆగితే దగ్గరకొచ్చారు, అక్కడి నుంచి వెంట్రుకవాసి అటూ ఇటూ జరిపి చూడండి. అదిరిన వెంటనే వదిలేయాలి. గట్టిగా తిప్పుతూనే ఉంటే పిక్ విరుగుతుంది. విరిగినా తాళం తెర నుంచి బయటికి రాకండి, ఎందుకంటే లోపల ఉన్నంతసేపు సరైన కోణం మారదు. బయటికొచ్చి మళ్ళీ మొదలుపెడితే మారిపోతుంది. ఇది చేతికొస్తే లాక్‌పికింగ్ చెట్టులో ఒక్క పెర్క్ కూడా పెట్టనక్కర్లేదు, అన్నిటికంటే కష్టమైన మాస్టర్ తాళాలతో సహా.

కోట చివర వచ్చే గుహలోంచి బయటపడగానే మాన్యువల్ సేవ్ ఒకటి చేసి దాన్ని ఎప్పటికీ అలాగే ఉంచండి. ఆటోసేవ్‌నే నమ్ముకోవద్దు. పీసీలో ఎఫ్5 క్విక్‌సేవ్, ఎఫ్9 తిరిగి లోడ్. ప్రతి గుహ ముందూ విడిగా ఒక కొత్త సేవ్ ఉండాలి, ఎందుకంటే ఈ గేమ్‌లో క్వెస్ట్‌లు అప్పుడప్పుడు చెడిపోతాయి. పాత సేవ్ లేకపోతే వెనక్కి వెళ్ళే దారుండదు.

రివర్‌వుడ్ దాకా, అక్కడి నుంచి

కొండ దిగి రివర్‌వుడ్ అనే ఊరికి వెళ్ళే దారిలో మూడు నిలువు రాళ్ళు వస్తాయి: యోధుడు, మాంత్రికుడు, దొంగ. ఒకదాన్ని తాకితే ఆ వర్గంలోని ఆరు స్కిల్స్ 20 శాతం వేగంగా పెరుగుతాయి. మనసు మారితే తిరిగొచ్చి వేరే రాయిని తాకవచ్చు.

ఊళ్ళో హాడ్వార్ మేనమామ ఆల్వార్ కమ్మరి. రాలోఫ్‌తో వచ్చినా అతని కొలిమి వాడుకోవచ్చు. ఒక ఇనుప కడ్డీ, ఒక తోలు పట్టీ కలిపితే ఇనుప బాకు తయారవుతుంది. ఒక తోలు ముక్కకి నాలుగు పట్టీలు వస్తాయి. ఆయుధాన్ని సానరాయి దగ్గర, కవచాన్ని పక్కనున్న బల్ల దగ్గర మెరుగుపరుస్తారు. ఈ మెరుగుపరచడాన్ని కొత్తవాళ్ళు పట్టించుకోరు. కొత్త కత్తి కోసం వెతికేకంటే ఉన్న కత్తికి ఒక కడ్డీ ఖర్చుపెట్టడం మొదట్లో చాలా నయం. బాకులు గుట్టలుగా చేసి స్మితింగ్ పెంచేయమని చెప్పే పాత సలహాలు మాత్రం వినకండి. తర్వాతి ప్యాచ్‌లలో చేసిన వస్తువు విలువను బట్టి అనుభవం వచ్చేలా మార్చారు. పైగా ఇంకో చిక్కుంది, దాని గురించి కింద చెప్తాం.

డబ్బు చేతిలో లేకపోతే కట్టెలు కొట్టండి. గొడ్డలి ఉంటే చాలు, ఒక్కో కట్టెకి 5 నాణేలిస్తారు. పది నాణేలకు సత్రంలో గది దొరుకుతుంది. అద్దె గదిలోనో సొంత ఇంట్లోనో పడుకుని లేస్తే ఆటలోని 8 గంటల పాటు స్కిల్స్ 10 శాతం వేగంగా పెరుగుతాయి. పోరాటాలున్న గుహకి వెళ్ళే ముందు పడుకుని వెళ్ళడం అలవాటు చేసుకోండి.

అంగడి నడిపే లూకన్ తన బంగారు పంజా పోయిందంటాడు. ఆ పని ఒప్పుకోండి. అది దొరికే బ్లీక్ ఫాల్స్ బారో అనే పాత సమాధికి ప్రధాన కథ ఎలాగూ మిమ్మల్ని పంపిస్తుంది. ముందే వెళ్ళొస్తే వైట్‌రన్ పట్టణంలో మాంత్రికుడు ఫారెంగార్ రాతిపలక తెమ్మనగానే సంచిలోంచి తీసి ఇచ్చేయవచ్చు, ఒక ప్రయాణం మిగులుతుంది.

ఆట మొత్తానికి పాఠశాల లాంటిది ఈ బారోనే, కాబట్టి నిదానంగా వెళ్ళండి. లోపల మూడు తిరిగే స్తంభాలు, మధ్యలో ఒక మీట ఉన్న గది వస్తుంది. మీకంటే ముందు ఒక దొంగ ఆ మీట లాగి బాణాలు తగిలి చస్తాడు, వాణ్ణి ఆపకుండా చూడండి. జవాబు గదిలోనే ఉంది: గోడమీద రాతి ముఖాలు, వాటి నోళ్ళలో జంతువుల బొమ్మలు. మధ్య ముఖం ఊడి నేలమీద పడి ఉంటుంది. ఎడమ నుంచి కుడికి పాము, పాము, తిమింగలం. ఆ తర్వాత గోడ అరల్లో పడుకున్న శవాలు లేస్తాయి. అన్నీ లేవవు, ఏది లేస్తుందో తెలియదు కాబట్టి దూరం నుంచే ఒక్కో శవానికి ఒక్కో బాణం వేయడం మంచిది. నేలమీద నల్లగా మెరిసే నూనె, దానిపైన వేలాడే దీపం కనిపిస్తే శత్రువులు నూనెలోకి వచ్చేదాకా ఆగి దీపాన్ని కొట్టండి. చివర మూడు చక్రాల తలుపు దగ్గర చాలామంది ఇంటర్నెట్‌లో వెతుకుతారు. అవసరం లేదు. సంచి తెరిచి బంగారు పంజాను తిప్పి చూడండి, అరచేతి మీద మూడు బొమ్మలూ వరసగా చెక్కి ఉంటాయి. ఇలాంటి పంజా తలుపులు ముందు ముందు ఇంకా వస్తాయి, అన్నిటికీ కిటుకు ఇదే.

లెవెల్ పెరిగినప్పుడు

మొత్తం 18 స్కిల్స్. ఏది వాడితే అది పెరుగుతుంది, అవి పెరిగితే లెవెల్ పెరుగుతుంది, లెవెల్‌కి ఒక పెర్క్ వస్తుంది. ఇక్కడే అసలు ఉచ్చు. చాలాచోట్ల శత్రువులు కూడా మీ లెవెల్‌ని బట్టి బలపడతారు. బేరాలు, జేబు దొంగతనం, కమ్మరం, మందుల తయారీ ఇవన్నీ పెంచి 20వ లెవెల్‌కి చేరితే శత్రువు 20వ లెవెల్ వాడొస్తాడు. మీ కత్తి మాత్రం 3వ లెవెల్ దగ్గరే ఉంటుంది. ఊళ్ళో కూర్చుని స్కిల్స్ పెంచుకుని బయటికెళ్ళినవాళ్ళు మొదటి గుహలోనే దెబ్బతినడానికి కారణం ఇది.

అందుకని మొదటి పది పెర్క్‌లకి మూడంటే మూడు చెట్లు ఎంచుకోండి: కొట్టడానికి ఒకటి, కాచుకోవడానికి ఒకటి, అండకి ఒకటి. ఒంటిచేతి కత్తి, భారీ కవచం, కమ్మరం. లేదా విల్లు, తేలిక కవచం, నక్కి నడవడం. లేదా డిస్ట్రక్షన్ (దాడి మాయలు), ఆల్టరేషన్ (రక్షణ మాయలు), రెస్టొరేషన్ (గాయాలు మాన్పే మాయలు). కత్తి, విల్లు, కవచాల చెట్లలో మొదటి పెర్క్‌కే 20 శాతం బలం పెరుగుతుంది. ఏది తీసుకోవాలో తేలకపోతే పెర్క్ దాచుకోండి, అదెక్కడికీ పోదు.

ప్రతి లెవెల్‌కి ప్రాణం, మ్యాజికా, స్టామినాల్లో ఒకదానికి 10 కలుస్తాయి. స్టామినా తీసుకుంటే మోయగలిగే బరువు కూడా 5 పెరుగుతుంది. కత్తి పట్టేవాళ్ళు రెండుసార్లు ప్రాణం, ఒకసారి స్టామినా అన్న లెక్కలో వెళ్తే ఇబ్బంది ఉండదు. మాంత్రికులు మొదట మ్యాజికా పెంచుకోవచ్చు కానీ ప్రాణం 100 దగ్గరే వదిలేస్తే విలుకాళ్ళు రెండు మూడు బాణాల్లో పడగొడతారు. ఒక చిన్న కిటుకు: లెవెల్ పెరిగే అవకాశం వచ్చినా వెంటనే తీసుకోనక్కర్లేదు. ఆ తెర తెరిచి ఎంచుకున్న క్షణంలో మూడూ పూర్తిగా నిండుతాయి. అంటే పోరాటం మధ్యలో మందు సీసాలన్నీ అయిపోయినప్పుడు వాడుకునే ఆఖరి సీసా అది.

మందులంటే గుర్తొచ్చింది, కొనక్కర్లేదు. దారి పొడవునా కనిపించే నీలం కొండపూలు, గోధుమలు కలిపితే ప్రాణం నింపే మందు తయారవుతుంది. తెలియని పదార్థం దొరికితే ఒకటి తినేయండి, దాని మొదటి గుణం తెలుస్తుంది. మెనూ తెరిస్తే ఆట ఆగుతుంది కాబట్టి పోరాటం మధ్యలో నింపాదిగా తాగవచ్చు.

ఎక్కడ చస్తారు, ఎందుకు

వైట్‌రన్ చుట్టుపక్కల మైదానంలో మంట చుట్టూ మామత్ ఏనుగులతో తిరిగే రాక్షసులు కనిపిస్తారు. వాళ్ళంతట వాళ్ళు మీ జోలికి రారు, దగ్గరకెళ్తే ముందు దుడ్డుకర్ర ఊపి హెచ్చరిస్తారు. అప్పుడే వెనక్కి తగ్గాలి. ఒక్క దెబ్బకి ఆకాశంలోకి లేచిపోవడం చూడ్డానికి సరదాగానే ఉంటుంది, ముందు సేవ్ చేసుకుంటే.

ఐవర్‌స్టెడ్ ఊరి నుంచి కొండమీది హై హ్రోత్‌గార్ మఠానికి ఎక్కే మెట్లదారిలో మంచు ట్రోల్ అనే మృగం ఒకటి ఉంటుంది. కొత్తవాళ్ళని ఎక్కువగా చంపేది డ్రాగన్లు కాదు, ఇదే. గాయాలు వాటంతట అవే మానిపోతాయి కాబట్టి కొట్టి పారిపోయి మళ్ళీ వస్తే లాభం లేదు. నిప్పంటే దానికి పడదు. కత్తి వీరులైనా ఎడమచేతిలో ‘ఫ్లేమ్స్’ పెట్టుకుని వెళ్ళండి, ఆ మాయ మొదటి నుంచీ మీ దగ్గరే ఉంటుంది.

మొదటి డ్రాగన్‌తో పోరాటం వైట్‌రన్ పడమటి బురుజు దగ్గర. మైదానంలో నిలబడకండి. బురుజులోకి దూరి, అది ఊపిరి వదిలేటప్పుడు గోడచాటుకి తప్పుకుని, ఎగిరేటప్పుడు బాణాలు వేయండి. బాణాలు సరిపడా లేకుండా అక్కడికి వెళ్తే అది దిగేదాకా ఆకాశం చూస్తూ నిలబడాల్సిందే. ఇంకో సంగతి: ఈ క్వెస్ట్ పూర్తిచేసేదాకా లోకంలో ఎక్కడా మామూలు డ్రాగన్లు తిరగవు. ప్రశాంతంగా తిరగాలనుకుంటే దీన్ని వాయిదా వేయవచ్చు. కానీ అరుపులు (డ్రాగన్ భాషలో అరిచి ప్రయోగించే శక్తులు) తెరవడానికి కావలసిన డ్రాగన్ ఆత్మలు కూడా అందాకా దొరకవు.

రక్తపిశాచులతో పోరాడాక తెరమీద జబ్బు సోకినట్టు వస్తే నిర్లక్ష్యం చేయవద్దు. ఆటలో మూడు రోజులు గడిచేలోగా జబ్బు నయం చేసే మందు తాగాలి, లేదా ఏదైనా దేవుడి పీఠాన్ని తాకాలి. వైట్‌రన్‌లో కైనరెత్ గుడి ఉంది. దాటితే మీరే పిశాచి అవుతారు.

దొంగతనం, హత్య విషయంలో పేరు ఎర్రగా కనిపించిందంటే ఆ వస్తువు ఇంకొకరిదని అర్థం. దొంగసరుకును మామూలు అంగళ్ళలో కొనరు. దాడికి 40, హత్యకి 1000 నాణేల బహుమతి మీ తలమీద పడుతుంది, అదీ ఆ ప్రాంతం వరకే. జైలుకెళ్తే స్కిల్స్‌లో సాధించిన పురోగతి కొంత పోతుంది కాబట్టి చిన్న మొత్తమైతే కట్టేయడమే మేలు.

బరువు, డబ్బు, తోడు

మోయగలిగేది మొదట 300. దాటితే పరుగు ఉండదు, ఫాస్ట్ ట్రావెల్ (చూసిన చోటికి మ్యాపు మీంచి ఒక్కసారిగా చేరడం) కూడా ఉండదు. వస్తువు విలువను బరువుతో భాగించి పది కూడా రాకపోతే వదిలేయండి. ఇనుప కవచాలు, బకెట్లు, చీపుర్లు అన్నీ ఈ లెక్కలో పోతాయి. డ్రాగన్ ఎముక ఒక్కోటి 15 బరువున్నా విలువ 500, కాబట్టి అవి మోయదగ్గవే. సాధారణ అంగడివాడి దగ్గర మొదట్లో 750 నాణేలే ఉంటాయి. అయిపోతే 48 గంటల్లో మళ్ళీ వస్తాయి. సరుకు అమ్ముడుపోవట్లేదని తిట్టుకునే బదులు మందుల అంగడి, కమ్మరి, సాధారణ అంగడి మూడింటికీ పంచండి.

ఫారెంగార్‌కి రాతిపలక ఇచ్చాక వైట్‌రన్‌లో ‘బ్రీజ్‌హోమ్’ ఇల్లు 5000 నాణేలకి కొనుక్కోవచ్చు. అందాకా విలువైనవి దారిలో కనిపించిన పీపాల్లో దాచవద్దు. కొంతకాలానికి వాటిలో సరుకు మారిపోతుంది, మీది మాయమవుతుంది. డ్రాగన్ పని ముగిశాక లిడియా తోడుగా వస్తుంది. మంచి పోరాటగత్తె, బరువు కూడా మోస్తుంది. ఇరుకు ద్వారాల్లో మాత్రం సరిగ్గా అడ్డంగా నిలబడుతుంది, దానికి మందులేదు. విలువిద్య కావాలంటే రివర్‌వుడ్‌లోని ఫేండల్‌కి, స్వెన్‌కి మధ్య కమిల్లా అనే అమ్మాయి కోసం నడిచే గొడవలో ఫేండల్ పక్షాన నిలబడండి. అతను తోడు వస్తాడు, డబ్బు తీసుకుని విల్లు నేర్పుతాడు. నేర్పిన వెంటనే అతని సంచి తెరిచి ఆ డబ్బు తిరిగి తీసుకోవచ్చు. లెవెల్‌కి ఐదుసార్లే శిక్షణ దొరుకుతుంది.

ఆటలో రుచి ఎక్కడుంది

వైట్‌రన్ చేరాక జర్నల్ తెరిచి క్వెస్ట్‌లన్నిటి ముందున్న గుర్తులు తీసేయండి. ఒక్కటి మాత్రం ఉంచండి. తెరమీద తేలే బాణం గుర్తులు మాయమైతే కళ్ళు దిక్సూచి మీంచి కొండల మీదికి వెళ్తాయి. దిక్సూచిలో నల్లగా కనిపించే బొమ్మలు మీరింకా చూడని చోట్లు. ఒక క్వెస్ట్‌కి వెళ్తూ దారిలో అలాంటివి రెండు చూసి వెళ్ళడం మంచి పద్ధతి.

కొత్త ఊరికి మొదటిసారి నడిచో, ఊరి బయటి బండిలోనో వెళ్ళండి. పెద్ద పట్టణాలకి బండి ఖర్చు 20 నాణేలు. ఫాస్ట్ ట్రావెల్ తిరుగు ప్రయాణానికి దాచుకోండి. దారిలో ఎదురయ్యేవాళ్ళే ఈ గేమ్‌కి ప్రాణం: కొరియర్, వేటగాళ్ళు, ఖైదీని తీసుకెళ్తున్న సైనికులు. చచ్చినవాళ్ళ దగ్గర దొరికే చీటీలు, డైరీలు చదవండి. గుహలో ఏం జరిగిందో పాత్రలు చెప్పవు, ఆ కాగితాలే చెప్తాయి.

కొన్ని పనులు అంతులేనివి. సత్రం యజమాని ఇచ్చే దొంగల వేట చీటీలు, సంఘాల్లో మళ్ళీ మళ్ళీ ఇచ్చే చిన్న పనులు ఎన్ని చేసినా కొత్తవి వస్తూనే ఉంటాయి. డబ్బు కావాల్సినప్పుడు తప్ప వాటి జోలికి వెళ్ళకండి. బరెంజియా రాళ్ళనే రత్నాలు 24 ఉంటాయి, ఒకటి తీసుకున్నాక పారేయడం కుదరదు, మొదటి ఆటలో వాటిని వెతుక్కుంటూ తిరగడం శుద్ధ దండగ. దానికంటే కంపానియన్స్ అనే యోధుల సంఘంలోనో, వింటర్‌హోల్డ్ మాంత్రికుల కాలేజీలోనో ఒకదాంట్లో చేరి ఆ కథ చివరిదాకా నడపండి. మార్కార్త్ పట్టణానికి మాత్రం తీరిక ఉన్నప్పుడే వెళ్ళండి, గేటు దాటగానే సంతలో ఒక హత్య జరుగుతుంది, ఆ వ్యవహారం మిమ్మల్ని అంత తేలిగ్గా వదలదు.

ముప్పయ్యో లెవెల్ దగ్గర చాలామందికి ఆట ఒకే పాట పాడుతున్నట్టనిపిస్తుంది. ఏ పాత్రతో మొదలుపెట్టినా అందరూ చివరికి చీకట్లో నక్కి బాణాలేసేవాళ్ళే అవుతారని ఆటగాళ్ళలో పాత జోకు. కారణం తేలికే: నక్కి వేసిన బాణం పెర్క్‌లు లేకుండానే రెట్టింపు దెబ్బ కొడుతుంది, శత్రువుకి ఎవరు వేశారో తెలియదు. అలా అయిపోతే విల్లును ఇంటి పెట్టెలో పెట్టి తాళం వేయండి. లేదా మీకు మీరే ఒక షరతు పెట్టుకోండి: దొంగతనం చేయని యోధుడు, లోహం తాకని మాంత్రికుడు, ఫాస్ట్ ట్రావెల్ వాడని వేటగాడు. అదీ కుదరకపోతే హెల్గెన్ గుహ బయట దాచిన ఆ మొదటి సేవ్ ఉంది కదా, అక్కడి నుంచి ఈసారి వైట్‌రన్ వైపు కాకుండా తూర్పున రిఫ్టెన్ దారి పట్టండి.